ఒరిజినల్స్ తాకట్టు



పోయిన నెల ఒక రాత్రి కోదాడ దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఈ వ్యాసాలు చదువుతుంటాడు. డిగ్రీ అయిపోయి ఏడాది దాటింది. ఉద్యోగానికి ఎంపికయ్యాడు. సోమవారం సర్టిఫికెట్ వెరిఫికేషన్. పదో తరగతి, ఇంటర్ మెమోలు మాత్రం అడ్మిషన్ రోజు నుంచీ కాలేజీ బీరువాలోనే ఉన్నాయి.

"రీయింబర్స్‌మెంట్ రాలేదట సార్. డబ్బులు కట్టి తీస్కపొమ్మంటున్నరు. అమ్మ కమ్మలు తాకట్టు పెడ్తనంటుంది" అన్నాడు.

కమ్మలు తాకట్టు పెట్టి మెమోలు విడిపించుకోవాలి. అంటే మెమోలు అప్పటికే తాకట్టులో ఉన్నాయన్నమాట. బాకీ పడింది ప్రభుత్వం, రావాల్సింది కాలేజీకి, తాకట్టులో ఉన్నది మాత్రం మాదిగ పిల్లగాడి కాగితం. మా తాతల కాలంలో ఈ నల్లగొండ గడ్డ మీద అప్పు కింద మనిషినే జీతానికి పెట్టుకునేవాళ్ళు. దాన్ని నేరం చేస్తూ 1976లో చట్టం వచ్చింది. ఇప్పుడు మనిషిని వదిలి మెమో పట్టుకున్నారు.

చట్టం ఏమంటోంది? డిగ్రీ, పీజీ కాలేజీలు ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్ రోజు మన ఎదుటే సరిచూసి, అప్పుడే తిరిగి ఇచ్చేయాలి. మనం సంతకం చేసిన జిరాక్సులు చాలు. ఇంకో మాట. ఫీజు ఇవ్వలేదని క్లయింటు కాగితాలను వకీలు కూడా పట్టుకోకూడదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. నల్లకోటుకు లేని హక్కు కాలేజీ కౌంటర్‌కు ఎక్కడిది?

యాజమాన్యాల బాధ అబద్ధమని నేను అనను. బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. ఆ డబ్బు రాకపోతే నా బోటి లెక్చరర్ జీతం కూడా ఆగుతుంది. కానీ ప్రభుత్వం మీద కోపం ప్రభుత్వం మీదే చూపాలి. చేతిలో డబ్బున్న తండ్రి కొడుకు గంటలో మెమో తీసుకుని పోతాడు. కౌంటర్ ముందు నెలల తరబడి నిలబడేది ఎవరో సూర్యాపేట, మిర్యాలగూడ హాస్టళ్ళలో అడిగి చూడండి.

నా సంగతీ చెప్పాలి. మొదటి ఉద్యోగంలో ఒక ప్రైవేటు కాలేజీ నా ఒరిజినల్స్ అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేశాను. సంవత్సరం మధ్యలో వేరేచోటికి పోకుండా అదో కట్టుగొయ్య. మానేశాక మూడు నెలలు తిరిగాను, బతిమాలాను. తెలుగులో డాక్టరేట్ ఉండి నాలుగు వాక్యాల అర్జీ రాయలేదు. రాయడం రాక కాదు, భయం. రీయింబర్స్‌మెంట్ అంటే ఎవరో దయతలచి పెట్టిన ముద్ద అని మన లోపల ఎక్కడో ఉంది. ఆ భయం అక్కడి నుంచే వస్తుంది.

అందుకే ఆ తమ్ముడికి ఒకటే చెప్పాను. బతిమాలకు, రాసివ్వు. రెండు కాపీలు తీసుకుపో, ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకో. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకో. ఇవ్వమంటే కారణం కాగితం మీద రాసిమ్మను. నోటితో గట్టిగా మాట్లాడేవాళ్ళు రాసివ్వమనగానే తగ్గుతారు.

అక్కడ పని కాకపోతే, 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీకీ విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఆపైన యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్. మన డిగ్రీ కాలేజీలకు నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ. మీ ఫీజు విడుదలైందో లేదో సంక్షేమ శాఖను సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేయండి. కౌంటర్ దగ్గర నలుగురి ముందు కులం పేరుతో తిడితే అది 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. ఆ నలుగురి పేర్లు అప్పుడే రాసిపెట్టుకోండి. ప్రాథమిక విచారణ చేశాకే కేసు రాస్తామని స్టేషన్‌లో అంటే 2018 సవరణ గుర్తుచేయండి. ఆ విచారణ అవసరం లేదని అందులో స్పష్టంగా ఉంది.

తమ్ముడు అర్జీ పెట్టిన తొమ్మిదో రోజు మెమోలు చేతికొచ్చాయి. పైసా కట్టలేదు. అమ్మ కమ్మలు అమ్మ చెవులకే ఉన్నాయి. కానీ సోమవారం అప్పటికే దాటిపోయింది. గడువు ఇవ్వమని ఇంకో అర్జీ రాశాం, జవాబు కోసం చూస్తున్నాం. ఆ అర్జీ అడ్మిషన్ రోజే రాసి ఉంటే అనుకుంటే నిద్ర పట్టడం లేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ప్రతి హాస్టల్లో అర్జీ రాయగలిగిన ఒక్కరు తయారు కావాలి. ఆదివారాలు నేను వస్తాను. తెల్లకాగితాలు, పెన్నులు తెచ్చుకోండి. ఈ సంవత్సరం కొత్తగా చేరే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ముందే చెప్పండి: ఒరిజినల్ చూపించండి, చేతిలో నుంచి వదలొద్దు.

జై భీమ్.