దిగుబడి ఎంత? తరుగు ఎంత?

ఏప్రిల్ వచ్చిందంటే తెలంగాణ పల్లెల్లో రెండు లెక్కలు మొదలవుతాయి. ఒకటి యాసంగి వడ్ల లెక్క. రెండోది ఐపీఎల్ పాయింట్ల లెక్క. మొదటిది పెద్దలది, రెండోది పిల్లలది అనుకుంటే పొరపాటే. వడ్ల కుప్పకు కాపలా పడుకునే పెద్దాయన చేతిలోనూ సెల్‌ఫోన్ ఉంది. అందులో మ్యాచ్ ఉంది!

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలాన్నే తీసుకోండి. రంగనాయకసాగర్ ఉన్నది ఈ మండలంలోనే. కోత మిషన్ పొలం దాటగానే వడ్లు కొనుగోలు కేంద్రానికి చేరతాయి. తేమ 17 శాతానికి దిగాలి, కాంటా వరస రావాలి. అప్పటిదాకా రైతు కుప్ప పక్కనే ఉండాలి. ఆ ఎదురుచూపుల్లో మంచి కాలక్షేపం సన్‌రైజర్స్ హైదరాబాద్. ఉప్పల్ స్టేడియం వంద కిలోమీటర్లకు పైనే ఉన్నా, మనవాళ్ల మ్యాచ్ అంటే మనదే.

2025 సీజన్ సగానికొచ్చేసరికి ఇలాంటి చోట్ల మామాఅల్లుళ్ల మధ్య నడిచే వాదన ఎలా ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు.

“మామా, మొదటి మ్యాచ్‌లనే 286 కొట్టిన టీమ్ ఇది. దీన్ని ఆపేటోడు ఎవడు?”

“కొట్టుడు సరే అల్లుడా, ఇచ్చుడు సంగతేంది? రాజస్థానోళ్లు తిరిగి 242 కొట్టిండ్రు గదా!”

అల్లుడి మాట కొట్టిపారేసేది కాదు. 2024లో ఈ జట్టు బ్యాటింగ్‌కు దేశమంతా నోరెళ్లబెట్టింది. మార్చి 27న ఉప్పల్‌లో ముంబయిపై 277, ఏప్రిల్ 15న బెంగళూరుపై 287. ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ, క్లాసెన్ వీరవిహారం చేస్తుంటే బంతి ఎక్కువసేపు ప్రేక్షకుల దగ్గరే ఉంది. ఆ ఊపులోనే జట్టు ఫైనల్‌కూ వెళ్లింది.

మామ మాటా తీసిపారేసేది కాదు. కప్పు చేతికందే రోజున ఆ బ్యాటింగే 113 పరుగులకు కుప్పకూలింది. ఐపీఎల్ ఫైనల్స్‌లో అదే అతి తక్కువ స్కోరు. కోల్‌కతా 11 ఓవర్లయినా ఆడకుండా పని ముగించేసింది.

ఇంతకీ హైదరాబాద్‌కు కప్పులు తెచ్చింది ఎవరు? 2009లో డెక్కన్ ఛార్జర్స్ లీగ్ దశలో 7 గెలిచి 7 ఓడింది. నాలుగో స్థానంతో గట్టెక్కింది. జొహానెస్‌బర్గ్ ఫైనల్లో చేసింది 143 మాత్రమే. దాన్ని కాపాడుకుని 6 పరుగులతో నెగ్గింది. ఆ సీజన్లో అందరికన్నా ఎక్కువగా 23 వికెట్లు తీసింది మన ఆర్పీ సింగే. 2016లో సన్‌రైజర్స్ కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ వార్నర్ పరుగుల వరద పారించిన మాట నిజమే. కానీ పర్పుల్ క్యాప్ భువనేశ్వర్ కుమార్‌ది. అతనికీ 23 వికెట్లే. పక్కనే బంగ్లాదేశ్ కుర్రాడు ముస్తాఫిజుర్.

2018 సంగతి ఇంకా చిత్రం. వాంఖడేలో 118కే ఆలౌటైన జట్టు, భువనేశ్వర్ లేకుండానే ముంబయిని 87కు చుట్టేసింది. ఆ ఏడు సన్‌రైజర్స్ ఫైనల్‌కు చేరింది. 118 కొట్టి గెలవడానికి గుండె కావాలి. అంతకన్నా ముందు బౌలింగ్ కావాలి.

వడ్లు అమ్మిన రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. దిగుబడి ఎంతొచ్చిందని ఊరంతా అడుగుతుంది. తరుగు ఎంత తీశారన్నది రైతొక్కడికే తెలుస్తుంది. చివరికి ఖాతాలో పడేది తరుగు పోగా మిగిలినదే. క్రికెట్‌లో దిగుబడి బ్యాటింగ్‌ది, తరుగు బౌలింగ్‌ది. సిక్సర్‌కు ఈల వేస్తాం. ఓవర్లో నాలుగే పరుగులిచ్చిన బౌలర్ పేరు ఆ రాత్రికే మరిచిపోతాం.

పాయింట్ల పట్టికలో నెట్ రన్‌రేట్ అనే చివరి గడి ఉంటుంది. అది మాత్రం మరిచిపోదు. సీజన్ మొత్తంలో ఓవర్‌కు మనం చేసిన పరుగుల్లోంచి, ఓవర్‌కు ఇచ్చిన పరుగులు తీసేస్తే వచ్చేదే ఆ అంకె. కొట్టిన పరుగుకు ఎంత విలువో, ఆపిన పరుగుకూ అంతే విలువ. 2019లో హైదరాబాద్, కోల్‌కతా, పంజాబ్ మూడూ 12 పాయింట్ల దగ్గర ఆగాయి. ప్లేఆఫ్స్‌కు వెళ్లింది హైదరాబాదే. 12 పాయింట్లతో ఒక జట్టు ముందుకెళ్లడం అదే మొదటిసారి. గట్టెక్కించింది ఆ చివరి గడే.

మళ్లీ 2025కు వద్దాం. సగం సీజన్, అంటే 7 మ్యాచ్‌లు అయ్యేసరికి సన్‌రైజర్స్ గెలిచినవి రెండే. పది జట్ల పోటీలో 16 పాయింట్లుంటే కొంత ధీమా. అంటే మిగిలిన ఏడింటిలో ఆరు గెలవాలి. అల్లుడు వేళ్ల మీద లెక్క వేస్తాడు. ఫలానా జట్టు ఓడాలి, ఫలానా మ్యాచ్‌లో మనం భారీగా గెలవాలి అంటాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆ ఏడు తరుగు ఎక్కడ పోయిందో చూడండి. 10 కోట్లు పెట్టి తెచ్చిన షమీ ఏప్రిల్ 12న పంజాబ్ మీద 4 ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. అభిషేక్ 141 కొట్టి ఆ మ్యాచ్ నిలబెట్టాడు కాబట్టి సరిపోయింది. దానికి ఆరు రోజుల ముందు ఉప్పల్‌లోనే 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీసి సన్‌రైజర్స్‌ను ఓడించింది ఎవరనుకున్నారు? హైదరాబాదీ సిరాజే. కాకపోతే గుజరాత్ చొక్కా వేసుకుని! 2017లో ఐపీఎల్‌లో అతను తొలి అడుగు వేసింది సన్‌రైజర్స్‌తోనే. పదకొండు సీజన్లు ఇక్కడ బంతి వేసిన భువనేశ్వర్ ఆ ఏడు బెంగళూరుకు వెళ్లాడు. జూన్ 3న కప్పు ఎత్తింది బెంగళూరే.

బౌలర్లు ఒళ్లు దాచుకోకుండా వేసిన రోజూ ఉంది. మే 5న ఉప్పల్‌లో కమిన్స్ పవర్‌ప్లేలోనే 3 వికెట్లు పడగొట్టాడు. ఢిల్లీ 29కే 5 వికెట్లు పోగొట్టుకుని, చివరికి 133తో సరిపెట్టుకుంది. ఇక గెలుపే తరువాయి అనుకునేలోపు వాన! ఒక్క బంతీ ఆడకుండానే మ్యాచ్ రద్దు. వచ్చిన ఒక్క పాయింటుతో ప్లేఆఫ్స్ ఆశ కూడా తడిసిపోయింది. చేతికొచ్చిన పంట నోటికి అందకపోవడం అంటే ఏమిటో మే నెలలో వడ్లు ఆరబోసుకున్న వాళ్లకు టీవీ చెప్పాలా?

కానీ వానొక్కదాన్నే తిట్టుకుంటే లెక్క కుదరదు. ఏప్రిల్లో పోగొట్టుకున్న మ్యాచ్‌లు చేతిలో ఉంటే మే వాన ఇంత దెబ్బ కొట్టేది కాదు. ముందే కాంటా అయిపోయిన వాడికి మబ్బు పట్టినా నిద్ర పడుతుంది.

ఆశ పోయాక సన్‌రైజర్స్ చివరి మూడు మ్యాచ్‌లూ గెలిచింది. మే 25న కోల్‌కతాపై 278 కొట్టి 110 పరుగులతో నెగ్గింది. మొత్తం 13 పాయింట్లు, ఆరో స్థానం. అల్లుళ్లకు మళ్లీ హుషారొచ్చి ఉంటుంది. మామలు మాత్రం ఇలాగే అంటారు:

“ఇప్పుడు గెలిస్తే ఏం లాభం అల్లుడా? కాంటా అయిపోయినంక ఎండ కొట్టినట్టుంది. వచ్చే ఏడన్నా గా బౌలింగ్ సంగతి సూడుమను!”