రక్తపరీక్ష చీటీలో మనసు కనిపించదు

మన గోదావరి సీమలో రెండు మాటలు తరచుగా వినిపిస్తున్నాయి. "కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకుంటే దిగులు పుడుతుంది, మానేయండి" అన్నది ఒకటి. "రిపోర్టులన్నీ బాగున్నాయి, ఇక నీకు జబ్బేమిటి?" అన్నది రెండవది. రెండూ ప్రాణాల మీదికి తెచ్చే మాటలే.

మొదటి మాటకు కొంత చరిత్ర ఉన్నది. కొలెస్ట్రాల్ తగ్గించే చికిత్సతో గుండెజబ్బు మరణాలు తగ్గినా ఆత్మహత్యలు, ప్రమాదాల వంటి మరణాలు పెరిగాయని 1990లో ఒక విశ్లేషణ హెచ్చరించింది. ఆ అనుమానం సహేతుకమే. కాని 1994లో వెలువడిన స్కాండినేవియా పరిశోధనలో 4,444 మంది హృద్రోగులను ఐదేళ్లకు పైగా గమనించారు. స్టాటిన్ వాడినవారిలో మొత్తం మరణాలు 30 శాతం తగ్గాయి. ఆత్మహత్యలు, ప్రమాదాల మరణాలు కలిపి చూస్తే పెరగలేదు. మెదడు తనకు కావలసిన కొలెస్ట్రాల్‌ను తానే తయారుచేసుకుంటుంది. కుంగుబాటు ఉన్న కొందరిలో కొలెస్ట్రాల్ తక్కువగా ఉండటం నిజమే. అన్నం సహించక చిక్కిపోయిన మనిషి రక్తంలో అది తగ్గితే వింతేమున్నది?

ఇక రెండవ మాట. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో మరణ కారణాలను లెక్కించారు. 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవి. రెండవ స్థానం, 13 శాతం, గాయాలు మొదలైన బాహ్య కారణాలది. వాటిలో అధికభాగం పడిపోవడాలు, ఆత్మహత్యలు. అకారణంగా మాత్ర మాన్పించేవారు మొదటి లెక్కను పెంచుతున్నారు. మనసు గోడు వినకుండా పంపించేవారు రెండవదాన్ని పెంచుతున్నారు.

ఈ రెంటికీ నిజమైన లంకె వేరే చోట ఉన్నది. థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, దిగులూ కమ్ముతుంది. ఒలాంజపిన్ వంటి మానసిక ఔషధాలు బరువును, కొవ్వును పెంచుతాయి. గుండెపోటు తరువాత వచ్చే కుంగుబాటు మరణభయాన్ని హెచ్చిస్తుంది. వీటిని వెదకని వైద్యం సగం వైద్యమే.

మాత్ర మొదలుపెట్టాక మనసులో మార్పు కనిపిస్తే వైద్యునికి చెప్పండి. మీ అంతట మీరు మానకండి. వైద్యులకు నా విన్నపం ఒకటే. బీపీ చూసే ప్రతిచోటా మరో రెండు ప్రశ్నలు అడగండి: "రెండు వారాలుగా దిగులుగా ఉంటున్నదా? ఇష్టమైన పనులపై ఆసక్తి పోయిందా?" ఈ పరీక్షకు రక్తం అక్కరలేదు, రుసుమూ అక్కరలేదు. అవునన్నవారిని మానసిక వైద్యుని వద్దకు పంపండి. 14416 నంబరులో టెలిమానస్ ఉచితంగా పలుకుతుంది.