తాళంచెవి ఎవరి కొంగున ఉంటుంది?

సెల్ టవర్ అందని కొండ గూడేలకు సోలార్ మెష్ రేడియోలు పెడదామని స్వచ్ఛంద సంస్థల మిత్రులు ఉత్సాహంగా చెబుతున్నారు. అరచేతిలో పట్టే రేడియో బోర్డు, బ్యాటరీ, చిన్న సోలార్ పలక, యాంటెన్నా. గుట్ట మీద ఒకటి, బడి కప్పు మీద ఒకటి కడితే ఒక పెట్టె పంపిన కబురును ఇంకోటి అందుకుని మూడోదానికి చేరవేస్తుంది. కంపెనీ లేదు, నెలనెలా బిల్లు లేదు. 865-867 మెగాహెర్ట్జ్‌లో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేదని 2005లోనే కేంద్రం చెప్పింది. మెష్‌టాస్టిక్ సాఫ్ట్‌వేర్ ఉచితం.

బాగానే ఉంది. కానీ ఈ పెట్టె మాట్లాడదు, రాత మాత్రమే పంపుతుంది. ఆ రాత మామూలుగా ఫోన్‌లో రాయాలి. తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతమేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మిగతావాళ్ల కబురు ఎవరి జేబులోంచి పోవాలి? మొగుడు కొట్టాడన్న కబురు మొగుడి ఫోన్‌లోంచే పంపాలా?

రహస్యం సంగతి ఇంకా ఘోరం. అందరూ వినే చానల్‌కు మొదట వచ్చే తాళంచెవి లోకమంతటికీ తెలిసిందే. దాన్ని మార్చకుండా పెట్టె బిగించి ఫొటో దిగి వెళ్లిపోతే, ఆమె రాసిన ప్రతి మాటా అదే సాఫ్ట్‌వేర్ ఉన్న ఎవరైనా చదువుకోవచ్చు. మార్చినా, కొత్తది సర్పంచ్ కొడుకు దగ్గరుంటే మనకు ఒరిగేదేమిటి?

భాష కూడా చూడండి. ఒక సందేశంలో ఇంగ్లీషు అక్షరాలు సుమారు 200 పడతాయి. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతానికీ, పొల్లుకూ మూడేసి బైట్లు. ‘నొప్పులు’ అనే ఒక్క మాటే 24 బైట్లు మింగుతుంది! తెలుగు లిపిలో రాసుకునే కోయ భాషకూ అదే గతి. చదువు రాని స్త్రీకి అసలు చోటే లేదు. అందుకని ముందే అంకెలు అనుకోవాలి: నొప్పులకు ఒకటి, పాముకాటుకు రెండు. ఆ అంకెలు నిర్ణయించాల్సింది ఇంజనీర్లు కాదు, సంఘం స్త్రీలు.

"వాళ్లకు యంత్రాలేం తెలుసు" అనేవాళ్లు మెదక్ జిల్లా (ఇప్పటి సంగారెడ్డి) మాచునూరు సంఘం రేడియోను గుర్తు తెచ్చుకోవాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో అన్నది. దళిత స్త్రీలు 1998 నుంచే కార్యక్రమాలు రికార్డు చేశారు. ప్రసారానికి అనుమతి దక్కి రేడియో మోగింది మాత్రం 2008లో. పదేళ్లు ఆలస్యం చేసింది వాళ్ల చేతగానితనం కాదు, రాజ్యం. రాజస్థాన్‌లో తిలోనియా బేర్‌ఫుట్ కాలేజీ బడి మొహం చూడని స్త్రీలను సోలార్ ఇంజనీర్లను చేసింది. మన గూడెం స్త్రీ బోర్డు టంకం పెట్టలేదా?

కాబట్టి పెట్టెతోపాటు ఒక ఫోన్ కూడా సంఘం పేర కొనాలి. తాళంచెవి సంఘం స్త్రీలే పెట్టాలి, వాళ్లే మార్చాలి. మరమ్మతు వాళ్లకే నేర్పాలి. ఇంకొకటి, పెట్టె వచ్చింది కదా అని ప్రభుత్వం రోడ్డునూ అంబులెన్సునూ ఎగ్గొట్టడానికి వీల్లేదు. కొండ కింద ఆరోగ్య కేంద్రంలో నర్సు బల్ల మీద కూడా ఒక పెట్టె ఉండాలి, రాత్రిపూట దాన్ని చూసే మనిషి ఉండాలి. ఆ సంగతి అధికారులతో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే గుట్ట ఎక్కండి.