ఊరు గుర్తు పడుతుంది, చట్టం గుర్తించదు

తెలుగులో 'గుర్తు పట్టడం' వేరు, 'గుర్తించడం' వేరు. గుర్తు పట్టడానికి ఊరికి ఏ కాగితమూ అక్కర్లేదు. ఇంటిపేరు, ఏ పేట నుంచి వస్తున్నావు, మీ నాన్న ఎవరు? ఈ మూడూ చాలు. గుర్తించడం మాత్రం రాజ్యం పని. ఈ రెండింటి మధ్య నలుగుతున్నవాళ్లు దళిత క్రైస్తవులు.

2025 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసును కొట్టేసింది. క్రైస్తవంలోకి మారినవారు ఎస్సీలు కారనీ, ఎస్సీ సర్టిఫికెట్ రద్దు కాకుండా చేతిలో ఉన్నా ఆ చట్టం రక్షణ దక్కదనీ తేల్చింది. దీనికి మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందులోని మూడో పేరా హిందువులను మాత్రమే ఎస్సీలుగా చూసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇంకా బయటే ఉన్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2015లో సవరించిన ఇదే అత్యాచారాల చట్టం ఏమంటోంది? బాధితుడితోనో, అతని కుటుంబంతోనో నిందితుడికి పరిచయం ఉంటే, కులం తెలిసే నేరం చేశాడని కోర్టు భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే. అంటే కొట్టినవాడు కులాన్ని గుర్తు పట్టే ఉంటాడని చట్టమే ఒప్పుకుంటోంది. అయితే దెబ్బలు తిన్నవాడు చర్చికి వెళ్తే, అతనికి ఆ కులమే లేదంటోంది. తిట్టినవాడు బైబిల్ చూసి తిట్టాడా?

ప్రభుత్వం దస్త్రాల్లోనూ మనిషి ఒక్కడు కాడు. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 341తో మతం మారిన ఎస్సీలకు చట్టబద్ధం కాని ఆర్థిక రాయితీలు ఇచ్చింది. రిజర్వేషన్ దగ్గరికి వచ్చేసరికి వారినే బీసీ-సీలో, ఒక్క శాతం వాటాలో పెట్టారు. అందుకే మన ఇళ్లలో చాలామందికి రెండు పేర్లు: బడి రికార్డులో ఒకటి, చర్చిలో ఒకటి. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. పిల్లల చదువు కోసం తల్లిదండ్రులు దాచుకున్న పేరును మోసం అనడానికి మాకు నోరు రాదు.

మనలో మనకూ ఒక భయం ఉంది, దాచాల్సిన పని లేదు. వాళ్లను చేర్చుకుంటే ఉన్న 15 శాతంలో పంచుకోవాలి కదా అని హిందూ దళితులు అడుగుతున్నారు. వర్గీకరణ తర్వాత ఆ ప్రశ్న ఇంకా పదునెక్కింది. దాన్ని కొట్టిపారేయలేం. కానీ సీట్ల లెక్క వేరు, ఒంటి మీద దెబ్బ వేరు. అత్యాచారాల చట్టం రాజ్యాంగంలోని షెడ్యూల్డ్ కులాల నిర్వచనాన్నే అరువు తెచ్చుకుంది గనుక రెండూ ముడిపడ్డాయి. ఆ ముడిని పార్లమెంటు ఆ ఒక్క చట్టం వరకైనా విప్పవచ్చు. అందుకు ఎవరి రిజర్వేషనూ తగ్గదు.

మతం మారిన దళితుల హోదాపై 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. ఇచ్చిన గడువు రెండేళ్లు, దాన్నీ పొడిగించారు. మతం మారాక వివక్ష మిగిలిందా అన్నది కమిషన్ తేల్చాల్సిన ప్రశ్నల్లో ఒకటి. ఆ ప్రశ్న పాస్టర్లనే కాదు, పేట అవతల ఇళ్లున్నవాళ్లను కూడా అడగాలి. ఎవరు ఏ కులమో వాళ్లు తడుముకోకుండా చెబుతారు.