వీసా ప్రార్థనలో ఎవరి కుటుంబం?

అమెరికా వీసా కోసం ప్రార్థన మనవి రాని తెలుగు సంఘం ఈ రోజుల్లో అరుదు. చెన్నై–గూడూరు రైలు మార్గంలో, పొన్నేరికీ గుమ్మిడిపూండికీ మధ్య ఉన్న మా కవరైపేట్టై అందుకు మినహాయింపు కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్, ఆ తర్వాత చాలామంది చూపు అమెరికా మీదే. వీసా కోసం ప్రార్థించడం తప్పని మేము అనడం లేదు. అయితే ఆ దేశానికి కుటుంబాలు ఒకప్పుడు ఎలా వెళ్లాయో, ఇప్పుడు ఎలా వెళ్తున్నాయో మన యువత తెలుసుకోవాలి.

పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ నుంచి వెళ్లేవారికి వీసా గొడవే లేదు. ఒకరు ముందు ఓడెక్కి, పనిలో కుదురుకుని, తమ్ముణ్నో చెల్లెల్నో పిలిపించుకునేవారు. 1885లో ఒక జర్మన్ కుర్రవాడు పదహారేళ్ల వయసులో న్యూయార్క్‌లో ఉన్న అక్క దగ్గరకు చేరాడు. ఆయనే డొనాల్డ్ ట్రంప్ తాత. 1930లో స్కాట్లండ్ నుంచి అప్పటికే న్యూయార్క్‌లో ఉన్న అక్కల దగ్గరకు వెళ్లిన యువతి ట్రంప్ తల్లి. ఒకరి వెంట ఒకరుగా బంధువులు రావడాన్ని 'చెయిన్ మైగ్రేషన్' అంటూ ట్రంప్ ఈ రోజు ఆడిపోసుకుంటున్నారు. మన యోసేపు కూడా కరువు కాలంలో తండ్రిని, అన్నదమ్ములను ఐగుప్తుకు రప్పించుకున్నవాడే.

మనకు మాత్రం ఆ తలుపు మూసే ఉండేది. 1917లో చట్టం ఆసియావారి రాకను అడ్డుకుంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి తగరని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946లో తలుపు కొంచెం తెరిచారు, ఏడాదికి నూరు మందికి! భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు 1920ల ఆరంభంలో భార్యను ఇక్కడే ఉంచి వెళ్లారు. 1948లో అక్కడే కన్నుమూశారు. మళ్లీ ఆమెను చూడలేదు. దానికి చట్టం ఒక్కటే కారణమని అనలేం కానీ, భార్యాబిడ్డలను తెచ్చుకొని స్థిరపడమని చెప్పే చట్టం అప్పుడు ఆయనకు లేదు.

1965 చట్టంతో పరిస్థితి మారింది. ఏ దేశంలో పుట్టారన్న పాత లెక్క పోయి, కుటుంబాలను కలపడం ముఖ్యమైంది. డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వెళ్లిన మనవాళ్లు ఆ తర్వాత తల్లిదండ్రులను, తోబుట్టువులను పిలిపించుకున్నారు. ఈ రోజు అక్కడ తెలుగు ఆరాధన జరుగుతోందంటే ఆ చట్టం చలవ చాలా ఉంది. నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం జాతి వివక్షను ఎదిరించి నిలబడ్డ రోజుల్లోనే ఆ చట్టం వచ్చింది. వాళ్ల పోరాట ఫలం తిన్న మనలో కొందరు అక్కడి నల్లవారి గురించి మాట్లాడే తీరు వింటే మాకు సిగ్గేస్తుంది.

ఇప్పుడు? తోబుట్టువుల కోసం వేసిన పిటిషన్‌కు భారతీయులు పదిహేనేళ్లకు పైగా ఎదురుచూడాలి. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్న నియమం వల్ల మనవాళ్ల వరుస కదలదు. అది చేతికి రాకముందే పిల్లలకు 21 ఏళ్లు నిండితే డిపెండెంట్ వీసా పోతుంది. పసితనంలో వెళ్లి అక్కడే చదివిన పిల్ల వేరే వీసా వెతుక్కోవాలి, లేదా దేశం విడవాలి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాకు పనిచేసే చేతులు కావాలి, వాటి వెనకున్న ఇల్లు మాత్రం బరువైపోయింది.

ఇదంతా చదివితే మనకు కడుపు మండుతుంది. సరే, ఇప్పుడు రైల్లో తర్వాతి స్టేషన్‌కు వెళ్దాం. గుమ్మిడిపూండి సిప్కాట్ ఫ్యాక్టరీల్లో బీహార్, ఒడిశా నుంచి వచ్చిన మగవాళ్లు ఇరుకు గదుల్లో ఉంటున్నారు. భార్యాబిడ్డలు ఊళ్లో. 'హిందీవాళ్లకు ఇల్లు ఇవ్వం' అనే ఇంటివాళ్లలో ఆదివారం గుడికి వచ్చేవాళ్లు లేరా? అదే గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళ శరణార్థుల శిబిరం దశాబ్దాలుగా ఉంది. మన చట్టం ప్రకారం 1987 జూలై 1 తర్వాత ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం శ్రీలంక నుంచి వచ్చినవారిని పక్కనపెట్టింది. అందులో క్రైస్తవుల పేరు ఉంది గనుక మనకేం ఇబ్బందిలే అన్నవారూ మనలో ఉన్నారు. ఆ శిబిరంలో ఎందరో క్రైస్తవులు. 2025 జనవరిలో, తాత్కాలిక వీసాల మీదున్నవారి బిడ్డలకు పుట్టుకతో పౌరసత్వం ఉండదని ట్రంప్ ఆదేశం ఇచ్చినప్పుడు మాత్రం మన వాట్సాప్ గ్రూపులన్నీ మోగిపోయాయి.

అందుకే మా యౌవనస్తుల కూటాలకు ఒక మాట. వీసా మనవి రాసే చీటీలోనే కింద ఇంకో వరుస రాయండి: సిప్కాట్ గదుల్లో ఉన్నవారి కుటుంబాలు, శిబిరంలో పుట్టిన పిల్లలు. ఆపైన ఒక ఆదివారం అక్కడికి వెళ్లండి. పిల్లలను బడిలో చేర్చాలన్నా, ఫారం నింపాలన్నా తమిళం రాయగలిగిన మనిషి కావాలి. ఒడిశా నుంచి కుటుంబంతో వచ్చినవాళ్లకు ఇల్లు దొరకాలంటే పూచీ నిలబడే స్థానికులు కావాలి. ఆ రెండూ మన దగ్గర ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం దాటాక మన గుడి హాలు కూడా ఖాళీగానే ఉంటుంది.