వంక అవతలి బడి

పొద్దున ఎనిమిది దాటితే రాయలసీమలోని కనగానపల్లికి వచ్చే దారుల్లో యూనిఫాంలు కనిపిస్తాయి. శెనక్కాయ చేల గట్ల మీద ముందు అక్క, వెనక తమ్ముడు, ఊరి పొలిమేర దాకా సాగనంపే ఇంటి కుక్క. బడి ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లలో చెప్పే పిల్లలు తక్కువ. గుట్ట దాటి వంక దిగితే వచ్చేస్తుందంటారు.

మన పెద్దవాళ్లూ దూరాన్ని అలాగే చెప్పేవారు. కూతవేటు అంటే పిలిస్తే వినపడేంత. ఆమడ దూరం సంగతి నడిచిన కాళ్లకే తెలుసు. ఆ కొలతల్లో మనిషి గొంతు ఉండేది, అలసట ఉండేది.

ఇప్పుడు ఆ పని పటాలు చేస్తున్నాయి. ప్రతి బడికీ యూడైస్ కోడ్ అనే ఒక గుర్తింపు సంఖ్య, దాని అక్షాంశ రేఖాంశాలు. దేశంలోని బడులన్నిటినీ ఒకే పటం మీదికి తెచ్చిన స్కూల్ జీఐఎస్ కూడా ఉంది. విద్యాహక్కు నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి ఇంటికి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్ల లోపు ఉండాలి. అంతకు మించి నడవాల్సిన పిల్లలకు సమగ్ర శిక్ష పథకం కింద ఏడాదికి రూ.6,000 వరకు రవాణా భత్యం ఇవ్వొచ్చు. బడి చుట్టూ గుండ్రంగా గీత గీస్తే ఏ ఇల్లు లోపల పడిందో, ఏది బయట మిగిలిందో తెలిసిపోతుంది.

ఇది చిన్న మేలేమీ కాదు. గుట్ట వెనక పది గడపల పల్లెను అడిగేవాళ్లు లేకపోయినా పటం మరిచిపోదు. అక్కడా ఒక చుక్క పెడుతుంది. ఆ చుక్కను చూస్తే మనసుకు ఊరటగా ఉంటుంది.

కానీ గీత చెరువు మీదుగా పోతుంది. పిల్ల కట్ట చుట్టూ తిరిగి పోతుంది. అందుకే తిన్నటి గీతను వదిలి, నడిచే దారి వెంబడే కొలిచే పద్ధతులూ వచ్చాయి. పటం కూడా మెల్లగా పిల్లల కాళ్ల వెంట నడవడం నేర్చుకుంటోంది.

అయినా కొన్ని రోజులు దారే ఉండదు. 2024 అక్టోబరులో ఒక్క రాత్రి వానకు కనగానపల్లి చెరువు తెగింది. పండమేరు వాగు ఉప్పొంగి అనంతపురం శివారు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. చినుకు కోసం ఆకాశం వైపు చూసే సీమలో వంకలు ఏడాదిలో చాలా రోజులు ఇసుకే. పిల్లలు ఆ ఇసుకలో గవ్వలేరుకుంటూ బడికి పోతారు. వాన పడిన నాడు అదే వంక ముందు పుస్తకాల సంచి గుండెకు హత్తుకుని నిలబడిపోతారు. బడి ఉన్నచోటే ఉంటుంది, అవతలి గట్టున. పటం మీద ఒక్క మీటరూ మారదు.

తోడు సంగతి మరొకటి. ఇద్దరు ఆడపిల్లలు కబుర్లు చెప్పుకుంటూ పోతే ఎంత దారైనా తరిగిపోతుంది. వారిలో ఒకరు ఎనిమిదితోనే చదువు ఆపేస్తే, మిగిలిన పిల్లకు మర్నాటి నుంచి అదే దారి రెట్టింపవుతుంది. ఇంట్లో అమ్మకైతే ఇంకా ఎక్కువ. ఈ దూరాన్ని తగ్గించేందుకే బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ దాని ఫలితాన్ని లెక్కగట్టి చూశారు. హైస్కూలు 3 కిలోమీటర్లు, ఆపైన ఉన్న ఊళ్ల నుంచే ఆడపిల్లలు ఎక్కువగా బడిబాట పట్టారట. నలుగురు పిల్లలు గుంపుగా గంటలు మోగించుకుంటూ పోవడం ఊహించుకుంటే, ఆ దూరం ఎలా కరిగిందో అర్థమవుతుంది.

సాయంత్రం ఎండ వాలాక వంక ఇవతల ఓ తల్లి వచ్చి నిలబడుతుంది. కొంగు నుదుటికి అడ్డం పెట్టుకుని గుట్ట వైపే చూస్తుంది. అవతలి నుంచి 'అమ్మా' అని కేక వినపడుతుంది. ఆమె బదులు పలికి, పొయ్యి రాజేయడానికి ఇంటి వైపు తిరుగుతుంది.