విషం అడవిది కాదు

‘నౌసికా ఆఫ్ ది వ్యాలీ ఆఫ్ ది విండ్’ చూశారా? జపాన్ దర్శకుడు హయావో మియజాకి 1984లో తీసిన యానిమేషన్ సినిమా. బొమ్మల సినిమానే కదా, చిన్నపిల్లలదిలే అని పక్కన పెట్టకండి. అడవి మీద పడే నిందల గురించి ఇంత సూటిగా మాట్లాడిన సినిమాలు తక్కువ.

కథ ఇది. ఏడు రోజుల యుద్ధంలో పారిశ్రామిక నాగరికత తగలబడిపోయి వెయ్యేళ్లయింది. భూమిని ఒక విషపు అడవి కమ్ముకొస్తోంది. మాస్కు లేకుండా అందులో ఐదు నిమిషాలుంటే ఊపిరితిత్తులు కుళ్లిపోతాయి. ఓము అనే పెద్దపెద్ద పురుగులు దానికి కాపలా. టోల్మెకియా సైన్యం వచ్చి, పాతకాలపు మహాయుధాన్ని మళ్లీ లేపుతాం, అడవిని కాల్చేసి మనుషుల్ని కాపాడతాం అంటుంది. కాపాడతామంటూనే గాలిలోయ అనే చిన్న రాజ్యాన్ని ఆక్రమిస్తుంది. ఈ మాట మనకు కొత్తగా అనిపించడం లేదు కదూ?

ఆ లోయ రాజు కూతురు నౌసికా. ఆమె అడవిని ఊరికే ప్రేమించి ఊరుకోలేదు, పరీక్ష పెట్టింది. అడవి బీజాలు ఏరుకొచ్చి, కోట కింద గదిలో, భూమి లోతుల్లోంచి తోడిన శుభ్రమైన నీళ్లతో, మంచి మట్టిలో పెంచింది. ఆ మొక్కలు విషం కక్కలేదు. అంటే విషం మొక్కది కాదు, మట్టిది. మట్టిని పాడుచేసింది మనుషులు. తర్వాత అడవి అడుగుకు జారిపడినప్పుడు మిగతా సంగతి బయటపడుతుంది. చెట్లు ఆ విషాన్ని తమలోకి పీల్చుకుని, రాయిలా గట్టిపడి, ఇసుకై రాలిపోతున్నాయి. వాటి కింద మంచి నీళ్లు పారుతున్నాయి. తగలబెట్టాలనుకున్న అడవే భూమిని కడుగుతోంది!

ఈ కథ వెనుక మినమాటా ఉంది. జపాన్‌లో ఆ సముద్రతీరాన చిస్సో అనే రసాయన ఫ్యాక్టరీ పాదరసం కలిసిన వ్యర్థాలను నీళ్లలోకి వదిలింది. చేపలు తిన్న బెస్తవాళ్లకు కాళ్లూ చేతులూ వంకర్లు పోయాయి, మాట పడిపోయింది. 1956లో జబ్బు అధికారికంగా బయటపడ్డప్పుడు అంటురోగం అనుకుని రోగులనే దూరం పెట్టారు. విషం పోసినవాడి మీద కాదు, తాగినవాడి మీద పడింది నింద. 1959లో ఫ్యాక్టరీ ఆసుపత్రి డాక్టర్ హోసోకావా ఒక పిల్లికి ఫ్యాక్టరీ వ్యర్థజలం కలిపిన తిండి పెట్టి చూశాడు. పిల్లికీ అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతి తొక్కిపెట్టింది. ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకునేసరికి 1968 వచ్చింది.

రెండు పరీక్షలూ నిజమే చెప్పాయి. రెండూ నాలుగు గోడల మధ్యే ఉండిపోయాయి. నౌసికా జనం భయపడతారని గదిని రహస్యంగా ఉంచింది. కంపెనీ లాభం కోసం దాచింది. కారణాలు వేరు. కానీ నిజం నలుగురిలోకి రానంత కాలం, కాల్చేవాడి మాటే చెల్లుబాటవుతుంది.

సినిమాలో చివరికి ఒక అద్భుతం జరిగి లోయ బతుకుతుంది. మనకు అద్భుతాలు రావు. ఒడిశా నియమగిరి మీద డోంగ్రియా కోందులను నిలబెట్టింది 2013లో జరిగిన 12 గ్రామసభలు. సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, జిల్లా జడ్జి ఎదుట, కొండ తమకేమిటో జనమే నోరు విప్పి చెప్పారు. పన్నెండు ఊళ్లూ బాక్సైట్ గని వద్దన్నాయి. అడవి గురించి తెలిసిన మాట గ్రామసభ రికార్డులోకి ఎక్కింది, అందుకే దానికి బలం వచ్చింది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సినిమా చూడండి, తోటివాళ్లకు చూపించండి. ఆ తర్వాత మీ వాగు దగ్గరికి వెళ్లండి. ఏ చేప కనబడకుండా పోయింది, నీళ్ల రంగు ఏ ఏడాది మారింది, పైన ఏ తవ్వకం మొదలయ్యాక మారింది, పెద్దవాళ్లను అడిగి తేదీలతో రాయండి. ఆ నోట్‌బుక్కును ఇంట్లో దాచుకోవద్దు. గ్రామసభలో చదవండి, తీర్మానంలో ఎక్కించండి, కాపీ తీసుకోండి. అడవే సమస్య అని రేపెవరైనా వచ్చి చెబితే, ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడదాం.